మరియమ్మకు చెప్పలేని జవాబు

అంబాజీపేటలో మా కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో కొబ్బరి డొక్కలు కొట్టి చేత్తో పీచు తీసే ఆడవాళ్లందరినీ ఈ రోజు పనిలోంచి తీసేశారు. ఆ కబురు సూపర్‌వైజరునైన నాచేతే చెప్పించాడు యజమాని.

మూడు నెలల క్రితం పీచు తీసే మిషను వచ్చినప్పుడు వాళ్లు గేటుకు అడ్డంగా కూర్చున్నారు. "ఎవరి పనీ పోదు" అని హామీ ఇచ్చి లేపింది నేనే. అలా చెప్పమన్నది ఆయనే.

ఈ రోజు అందరూ వెళ్లిపోయాక మరియమ్మ ఒక్కతే ఆగింది.

"ఆయన మాట తప్పుతాడనుకోలేదమ్మా" అన్నాను.

"ఆయన మాట మేమెప్పుడు నమ్మేమండీ బాబూ? మీరు చెప్పేరనే కదండీ లేచి దారిచ్చేం" అంది.

 

సాయంత్రం యజమాని అంబాసిడరు ఎక్కుతూ, "రాజోల్లో మన షెడ్డుకీ మిషను వస్తోందండీ. రేపు మీరెళ్లి అక్కడి ఆడవాళ్లతో మాట్లాడండి. మీ మాటైతే వింటారు" అన్నాడు. ఊళ్లో ఏ సభ జరిగినా నీతి మీద ఉపన్యసించే పెద్దమనిషి ఈయనే.

నా స్థానంలో ఉంటే మీరేమనేవారో చెప్పండి. "ఆయ్, అలాగేనండీ" అని మాత్రం చెప్పకండి. అది నేను అనేసి వచ్చాను.