కస్సుబుస్సు పేరుకు హక్కుదారు

సురబాయలో వొనోక్రోమో స్టేషన్ వెనక సందులో బాతు వేపుడు తినాలంటే ముందు తిట్లు తినాలి. కస్మియాతి మూకుడు ముందు కూర్చుందంటే ఎంతటివాడైనా నోరు అదుపులో పెట్టుకోవాల్సిందే. కొత్తవాడెవడైనా వచ్చి "సంబల్ కారం కొంచెం తక్కువ వెయ్యండి" అన్నాడా, అయిపోయాడే!

"తక్కువెందుకు? ఇంటికెళ్ళి పాలు తాగి పడుకో! నీలాంటివాడి కోసమా నా బాతు చచ్చింది?"

వాడు బిక్కమొహం వేసేలోపు పళ్ళెంలో ఇంకో ముక్క అదనంగా పడేది. ఆ ముక్క సంగతి ఎత్తితే మళ్ళీ తిట్లే.

ఆ నోటి ధాటికే జనం ఆవిడకు 'మాక్ జుడెస్' అని పేరు పెట్టారు. కస్సుబుస్సు అమ్మ అన్నమాట. ఈ ఊళ్ళో ప్రేమ ముదిరితే ఇలాంటి పేర్లే పుడతాయి. కానీ కస్మియాతికి ఆ పేరు వింటే ఒళ్ళు మంట. మొగుడు పోయాక ఒంటిచేత్తో ఈ వేపుడు బండి నడిపి పిల్లను పెంచిన మనిషి, తనకూ కాస్త గౌరవం ఉండాలనుకోదా? బోర్డు మీద 'ఇబు కస్మియాతి', అంటే కస్మియాతి అమ్మగారు అని, పెద్దింటి ఇల్లాలి పేరులా రాయించుకుంది. ఆ బోర్డు వైపు ఎవడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు.

కూతురు లిస్త్యా ఆ కారాన్ని సీసాల్లో పోసి అమ్ముదామనుకున్నప్పుడు ఇంట్లో పెద్ద రభసే అయింది.

"అమ్మా, సీసా మీద మాక్ జుడెస్ అనే వేద్దాం. ట్రేడ్‌మార్కు రిజిస్టరు చేయిద్దాం, అదే పేరుతో వెబ్‌సైట్ కూడా కొనిపెట్టుకుందాం. ఊరికి తెలిసిన పేరు అదే కదా!"

"నా పరువు సీసాలో పోసి అమ్ముతావుటే? గురువారం ఖురాను చదువుకునే చోట ఆ ఆడవాళ్ళ ముందు తలెత్తుకు కూర్చోవద్దూ నేను? ఆ మాట ఇంకోసారి అన్నావంటే గరిటె తిరగేస్తా!"

ఇంకేముంది, ట్రేడ్‌మార్కూ వెబ్‌సైటూ రెండూ ఇబు కస్మియాతి పేరు మీదే తీసుకున్నారు. సీసాలు అరమీద దుమ్ము పట్టాయి. జనం ఫోన్లలో మాక్ జుడెస్ అని వెతికి, ఏమీ దొరక్క ఊరుకునేవారు. పిల్ల చెప్పింది విని ఉంటే ఏం పోయేది? మొండితనం, అంతే.

ఒకరోజు వాగీమిన్ ఓ సీసా పట్టుకొచ్చాడు. మోటారుసైకిల్ మీద జనాన్ని దింపే మనిషి, కస్మియాతి బండికి అందరికంటే పాత బేరం.

"ఏంటి మాక్, ఒంట్లో బాగోలేదా? ఫోన్లో నీ పేరు చూసి తెప్పించా. కారం చక్కెర పాకంలా ఏడిచిందేంటి?"

సీసా మీద బుగ్గలు సొట్టలు పడేలా నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. దాని కింద 'ప్రేమతో, మీ మాక్ జుడెస్' అని ఉంది.

"ప్రేమతోనా! నేనా! ఎప్పుడన్నా అన్నానుట్రా ఆ మాట?" కస్మియాతి మండిపడింది.

లిస్త్యా తల్లిని ట్రేడ్‌మార్కుల పనులు చూసే హెందార్తో దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన కంప్యూటర్‌లో చూసి తల పంకించాడు.

"జకార్తా కంపెనీ ఏదో ఆ పేరుతో వెబ్‌సైట్ కొనేసిందమ్మా. ట్రేడ్‌మార్కుకీ దరఖాస్తు పెట్టేసింది. మన దగ్గర ముందు అడిగినవాడిదే పేరు. గడువు రెండు నెలలు. ఈలోగా అభ్యంతరం చెప్పకపోతే ఇక ఆ పేరు మీరు వాడుకున్నా తప్పు మీదే అవుతుంది."

"పోతే పోనీండి. పీడా విరగడైంది," అనేసి వచ్చేసింది కస్మియాతి.

అయితే మర్నాడు ఆవిడ ఎవరినీ తిట్టలేదు. కారం తక్కువ వెయ్యమన్నవాడికి తక్కువే వేసింది. బల్లల దగ్గర జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వాగీమిన్ పళ్ళెం పక్కకు జరిపాడు. "మాక్, నువ్వు తిట్టకపోతే ముద్ద దిగట్లేదు. అసలు ఆ పేరు నీకు పెట్టిందెవరు? మేం! పెట్టినవాళ్ళం ఇక్కడే కూర్చుని తింటుంటే, ఊరూ పేరూ తెలియనివాళ్ళకి అప్పనంగా ఇచ్చేస్తావా?"

 ఇన్నాళ్ళూ ఎగతాళి అనుకున్న పేరు వీళ్ళు తనకు ప్రేమగా ఇచ్చుకున్నదని కస్మియాతికి అప్పుడు తట్టింది. పొయ్యి తగ్గించి కూతుర్ని పిలిచింది.

"ఆ హెందార్తో గారికి ఫోన్ చెయ్యి. నా పేరు నాకు కావాలి."

చిక్కల్లా రుజువు దగ్గరే వచ్చింది. బోర్డు మీద లేదు, బిల్లు మీద లేదు. "ఆ పేరు కనబడకుండా మీరే దాచేశారు కదమ్మా," అని హెందార్తో నెత్తి పట్టుకున్నాడు. చివరికి తిన్నవాళ్ళ సాక్ష్యమే దిక్కయింది. లిస్త్యా బండి పక్కన కుర్చీ వేసి ఒక్కొక్కరి మాటా ఫోన్లో పట్టింది. తాను తిన్న తిట్లు ప్రతివాడికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి! గురువారం ఆడవాళ్ళు కూడా తలకు గుడ్డలు సర్దుకుంటూ దిగారు.

"మీకూ తెలుసా ఆ పేరు?" కస్మియాతి నీరుకారిపోయింది.

"చాల్లేవే! ఇన్నాళ్ళూ నీ వెనకాల నిన్ను ఇంకేమని పిలుస్తున్నామనుకున్నావ్?" అని పకపకా నవ్వారు వాళ్ళు.

ఆఖర్న వాగీమిన్ కూర్చున్నాడు. "మా ఆవిడ పోయినప్పుడు నేను తిండి మానేశాను. ఈవిడ పొట్లం పట్టుకుని ఇంటికొచ్చింది. 'పోయింది అది, నువ్వు కాదు. తిను,' అంది. ఏడుస్తూ తిన్నాను. అప్పట్నుంచి రోజూ నాకో పొట్లం తీసిపెట్టేది. ఎందుకు మాక్ అంటే, కుక్క కోసం ఉంచాననేది. ఈవిడ కాకపోతే ఇంకెవరండీ మాక్ జుడెస్?"

మూకుడు వెనక కస్మియాతి ఏడ్చింది. పొగ అని సాకు కూడా చెప్పలేదు.

అభ్యంతరం నెగ్గింది. జకార్తా వాళ్ళ దరఖాస్తు కొట్టేశారు. పేరే దక్కనప్పుడు వెబ్‌సైట్ ఉండి ఏం లాభమని అదీ వదులుకున్నారు. లిస్త్యా పెట్టిన దరఖాస్తుతో మాక్ జుడెస్ అన్న పేరు కస్మియాతి పేరున రిజిస్టరైంది.

సీసా మీద వేయడానికి ఫోటో తీసేరోజు ఆవిడ ఇస్త్రీ చేసిన గుడ్డ తలకు చుట్టుకుని, పెళ్ళిచూపుల పిల్లలా నవ్వు పులుముకుని నిలబడింది.

"ఎవరండీ ఈవిడ?" బల్ల దగ్గర్నుంచి వాగీమిన్ కేకేశాడు. "ఇదీ నకిలీ సరుకే!"

"నోర్మూసుకుని తింటావా, నిన్నే మూకుట్లో వెయ్యమంటావా?" గరిటె పైకి లేచింది. ఫోటో అప్పుడే పడింది. అదే ఖాయం చేశారు.

"బొమ్మ కింద ఏం రాయమంటావమ్మా?" అడిగింది లిస్త్యా.

"ప్రేమతో అని మాత్రం రాశావో, చూడు!" అంటూ మూకుడు వైపు తిరిగింది కస్మియాతి. వాగీమిన్ పళ్ళెంలోకి ఇంకో ముక్క వేస్తూ, "'తిను' అని రాయి. అంతే చాలు," అంది.