పుష్పలీల వాంగ్మూలం

పుష్పలీలకు ఇంగ్లీషు రాదని అనడానికి లేదు. గుంటూరు జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో ఆమె చదివిందంతా ఇంగ్లీషులోనే. ఒంట్లో ఉన్న ఎముకల పేర్లన్నీ ఇంగ్లీషులో గడగడా చెబుతుంది. తెలుగులో అడిగితే సగం చెప్పలేదు. పదిహేడేళ్లు అదే ఆసుపత్రిలో పనిచేసి, ప్రసూతి వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్ అయ్యింది. 2002లో వర్క్ పర్మిట్ మీద ఇంగ్లండులోని లీడ్స్ వచ్చి, ఊరి ఉత్తరపు చివర ముసలివాళ్లు ఉండే ఒక కేర్ హోమ్‌లో సీనియర్ కేరర్‌గా చేరింది. మొదటి రోజే అక్కడి ముసలావిడ ఒకామె చెయ్యి పట్టుకుని "ఐ ఫీల్ పూర్లీ, లవ్" అంది. పాపం, డబ్బుకు ఇబ్బంది పడుతోంది కాబోలనుకుంది పుష్పలీల. అది ఒంట్లో బాగాలేదని చెప్పే మాట అని సాయంత్రానికి గాని తెలియలేదు. అప్పటికి ఆ ముసలావిడకు ముప్ఫై తొమ్మిది డిగ్రీల జ్వరం, మన లెక్కలో నూట రెండు.

ఆ రోజు ఇంటికి వెళ్తూ ఒక చిన్న నోటుబుక్కు కొంది. రోజుకు పది మాటలు రాసుకునేది. టీ అంటే ఇక్కడ కొందరికి రాత్రి భోజనమని, నౌట్ అంటే ఏమీ లేదని, అలా. మాటలు రాసుకుంటే వచ్చాయి. క్రియలు మాత్రం రాలేదు.

తెలుగులో "చెప్పాను" అంటే సరిపోతుంది. నిన్న చెప్పినా, ఇప్పుడే చెప్పినా, ఇంకొకటేదో జరగకముందే చెప్పినా అదే మాట. ఇంగ్లీషులో దానికి మూడు రూపాలు. ఏది ఎక్కడ వాడాలో తేలక, ఆమె అన్నిటినీ వర్తమానంలోనే నడిపించేది. "డాటర్ ఈజ్ కమింగ్ యెస్టర్‌డే" అనేది. మిషన్ ఆసుపత్రిలో డాక్టర్లు కూడా అలాగే మాట్లాడేవారు. దానివల్ల అక్కడ ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

ఇక్కడ జరిగింది. ఈ దేశంలో నర్సుగా పేరు నమోదు కావాలంటే ఇంగ్లీషు పరీక్షలో తొమ్మిదికి సగటున ఆరున్నర, రాయడంలో కనీసం ఆరు రావాలి. 2005లో రెండుసార్లు రాసింది. చదవడంలో, వినడంలో ఏడు దాటాయి. రాయడంలో రెండుసార్లూ అయిదున్నరే. ఆమె భర్త సుందర్‌రాజ్ పార్సిళ్ల గోడౌన్‌లో షిఫ్టుల మీద పనిచేసేవాడు. కూతురు జెమీమా ఏడేళ్ల వయసులో వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి యార్క్‌షైర్ పిల్లలాగే మాట్లాడేది. అమ్మానాన్నలు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేది.

ఆ సంవత్సరమే హోమ్‌కు మిస్టర్ ఆక్రాయిడ్ అనే డెబ్బై ఆరేళ్ల మనిషి వచ్చాడు. రైల్వేలో సిగ్నల్‌మన్‌గా నలభై ఏళ్లు పనిచేసినవాడు. స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. తెలివికి ఏ లోటూ లేదు. ఎవరేమన్నా అర్థమయ్యేది. తను చెప్పాలంటే మాత్రం ఒకటి రెండు మాటలు ముక్కలుగా వచ్చేవి. స్పీచ్ థెరపిస్టు పదిహేను రోజులకోసారి వచ్చి, బొమ్మల కార్డులు ఇచ్చి, రోజూ భోజనమయ్యాక ఇరవై నిమిషాలు ఎవరైనా ఆయనతో సాధన చేయించాలని చెప్పింది. ఎవరికీ తీరిక లేదు. పుష్పలీల తను చేయిస్తానంది.

కార్డు మీద ఒకావిడ కప్పులో టీ పోస్తున్న బొమ్మ. నిన్న ఆమె ఏం చేసిందో చెప్పాలి.

"షీ... పోర్... టీ," అన్నాడు ఆక్రాయిడ్.

"షీ ఈజ్ పోరింగ్ టీ యెస్టర్‌డే," అంది పుష్పలీల, ఆయనకు సాయంగా.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎడమచేతి వేలితో బల్ల మీద కొట్టాడు. తప్పని తెలుసు, ఒప్పేదో నోటికి రాదు. ఆమె కార్డు వెనక్కి తిప్పి చదివింది. "షీ పోర్డ్ ది టీ." అప్పుడు ఆయన మొహం తేటపడింది. "పోర్డ్," అన్నాడు నెమ్మదిగా. "పోర్డ్," అంది ఆమె.

తన తప్పులూ ఆయన తప్పులూ ఒకటేనని ఆ రోజు ఆమెకు తెలిసింది. ఆయనకు చెవి మిగిలింది, నోరు పోయింది. ఆమెకు నోరుంది, చెవి లేదు. ఆ ఇరవై నిమిషాలూ అరగంట అయ్యాయి. ఈట్, ఏట్. గో, వెంట్. టెల్, టోల్డ్. శీతాకాలం వచ్చేసరికి ఆయనకు నలభై దాకా క్రియలు తిరిగొచ్చాయి. ఆమెకు ఎన్ని వచ్చాయో ఆమె లెక్క చూసుకోలేదు.

2006 జనవరిలో ఒక గురువారం, మధ్యాహ్నం నాలుగింటికి, లౌంజ్‌లో కూర్చున్న మిసెస్ డాబ్సన్ అనే పెద్దావిడ కుర్చీలోంచి లేవబోయి కిందపడింది. పక్క కుర్చీలో ఆక్రాయిడ్ ఉన్నాడు. పుష్పలీల పరుగెత్తుకొచ్చింది. ఎడమ కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంది. తుంటి ఎముక విరిగిందని నర్సు కళ్లకు వెంటనే తెలిసిపోయింది. అప్పుడే మేనేజర్ మిసెస్ హార్‌గ్రీవ్ లౌంజ్‌లోకి వచ్చింది.

"అంబులెన్స్ కావాలి మేడమ్. ఫ్రాక్చర్," అంది పుష్పలీల.

"బెణికి ఉంటుంది. పడుకోబెట్టి పారాసెటమాల్ ఇవ్వు. రేపు జీపీ డాక్టరు వస్తాడుగా," అంది మేనేజర్. ఆ వారంలోనే తనిఖీ ఉంది. ఆ నెలలో అప్పటికే ముగ్గురు పడ్డారు.

ఆరింటికి షిఫ్టు దిగేముందు, లౌంజ్ గుమ్మం దగ్గర నిలబడి పుష్పలీల మళ్లీ అడిగింది. "నువ్విక్కడ నర్సువి కాదు," అంది మేనేజర్. పుష్పలీల వెళ్లి పెన్ను తీసింది. రికార్డు పుస్తకంలో రాసింది: "మిసెస్ డాబ్సన్ ఫాల్ ఫ్రమ్ చెయిర్. ఐ టెల్ మేనేజర్. షీ సే వెయిట్." రాసి, కోటు వేసుకుని బస్సెక్కింది.

మరునాడు ఉదయం ఏడింటికి అంబులెన్స్ పిలిచారు. తుంటి ఎముక రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేశారు గాని, మూడో వారంలో ఊపిరితిత్తులకు నిమ్ము చేరి మిసెస్ డాబ్సన్ చనిపోయింది.

కొడుకు ఫిర్యాదు చేశాడు. నగర కౌన్సిల్ తరఫున ఒక అధికారిణి విచారణకు వచ్చింది. తనకు మరునాడు పొద్దున దాకా ఎవరూ చెప్పలేదని మేనేజర్ రాసిచ్చింది. విచారణ తేలేవరకూ పుష్పలీలను పనిలోకి రావద్దన్నారు.

మొదటి సమావేశంలో అధికారిణి రికార్డు పుస్తకం తెరిచి చూపించింది. "ఇక్కడ 'ఐ టెల్ మేనేజర్' అని ఉంది. చెప్పారనా, చెప్పబోతున్నారనా? టైము కూడా లేదు."

"ఐ యామ్ టెల్లింగ్ హర్. ఫోర్ ఓ క్లాక్ ఐ యామ్ టెల్లింగ్."

"ఇప్పుడు చెబుతున్నారా?"

అధికారిణి ఎగతాళి చేయలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేర్చుకున్న క్రియల్లో ఒక్కటీ పుష్పలీల దగ్గరికి రాలేదు. చివరికి, "నాకు ఒక వారం ఇవ్వండి, రాసుకొస్తాను," అని మాత్రం అనగలిగింది. అధికారిణి సరేనంది.

ఇంట్లో సుందర్‌రాజ్ తల పట్టుకున్నాడు. "మేనేజర్ చెప్పిందే ఒప్పుకుని, సారీ అని రాసెయ్ లీలా. ఈ పని పోతే పర్మిట్ పోతుంది. ముగ్గురం పెట్టెలు సర్దుకుని ఇండియా పోవాలి."

"చెప్పాను కదండీ ఆవిడకి. చెప్పలేదని ఎట్టా రాస్తాను?"

"దేవుడికి తెలుసులే, నువ్వు చెప్పావని."

"దేవుడికి తెలుగు వచ్చు. వీళ్లకి రాదుగా."

ఆయన లేచి స్టౌ మీద అన్నం పెట్టాడు. ఆ వారమంతా వంట ఆయనే చేశాడు.

పుష్పలీల వంటింటి బల్ల మీద వ్యాకరణం పుస్తకం, కాగితాలు పెట్టుకుని కూర్చుంది. బడి నుంచి వచ్చిన జెమీమా ఒక కాగితం తీసి చూసింది. "మమ్, లెట్ మీ రైట్ ఇట్. టెన్ మినిట్స్."

"నువ్వు రాస్తే బానే ఉంటదమ్మా. రేపు వాళ్లు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నా నోటికి రాదు అది. నాకు వచ్చిన మాటలతోనే రాస్తా. తప్పుంటే చెప్పు."

జెమీమా ఎదురుకుర్చీలో కూర్చుంది. తప్పు కనబడితే చెప్పేది. ఎందుకు తప్పంటే, "ఐ డోంట్ నో, ఇట్ జస్ట్ ఈజ్," అనేది. ఎందుకో పుష్పలీల పుస్తకంలో వెతుక్కునేది. నాలుగింటికి చెప్పింది: టోల్డ్. ఆరింటికి మళ్లీ చెప్పింది: టోల్డ్ అగైన్. అంబులెన్స్ వచ్చేసరికి అప్పటికే రెండుసార్లు చెప్పి ఉంది: హ్యాడ్ టోల్డ్. ఒక్క పేజీ. తొమ్మిదిసార్లు తిరగరాసింది.

అయిదో రోజు ఆమె కలం పక్కన పెట్టి అడిగింది. "జెమీ, చెయ్యగలిగుండి కూడా చెయ్యలేదు అనాలంటే ఎట్టా చెప్తారు?"

"చెయ్యగలిగీ... ఓ. కుడ్ హ్యావ్. ఐ కుడ్ హ్యావ్ డన్ ఇట్."

పుష్పలీల రాసింది. తల్లి రాసింది తలకిందులుగా చదివిన జెమీమా మొహం మారిపోయింది. "మమ్, డోంట్ పుట్ దట్. దే విల్ బ్లేమ్ యు."

"ఫోను ఆఫీసులో ఉంది. లౌంజ్‌కి పది అడుగులు. తొమ్మిది తొమ్మిది తొమ్మిది నొక్కితే అంబులెన్స్ వచ్చేది. ఆవిడ వద్దంటే నేను ఆగాను. పర్మిట్ గురించి భయపడి ఆగాను. రాత్రంతా నొప్పితో ఉందమ్మా ఆ తల్లి."

జెమీమా బల్ల చుట్టూ తిరిగొచ్చి తల్లి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

రెండో సమావేశంలో పుష్పలీల ఆ పేజీ పైకి చదివింది. ఎక్కడా ఆగలేదు. "ఐ కుడ్ హ్యావ్ కాల్డ్ ది అంబులెన్స్. ఐ డిడ్ నాట్ కాల్. ఐ వాజ్ అఫ్రెయిడ్." అధికారిణి కలం ఆపి ఆమె వంక చూసింది.

"ఇది మిమ్మల్ని ఎవరైనా రాయమన్నారా?"

"లేదు," అంది పుష్పలీల. "అది జరిగింది."

నెల తర్వాత విచారణ నివేదిక వచ్చింది. అందులో ఒక పేరా చదివేదాకా ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. ఆ సాయంత్రం లౌంజ్‌లో అంతా చూసినవాడు, మతి స్థిమితంగా ఉన్నవాడు ఆక్రాయిడ్ ఒక్కడే. ఆయన మాట నమ్మడానికి లేదని, నోటికొచ్చింది అంటాడని మేనేజర్ చెప్పిందట. అయినా అధికారిణి ఆయన దగ్గర గంటసేపు కూర్చుంది. ముందు, పొద్దున ఏం తిన్నారని అడిగింది. "ఏట్... ఎగ్. నో టోస్ట్," అన్నాడు. వంటగదిలో అడిగితే నిజమే. తర్వాత ఆ గురువారం గురించి అడిగింది. ఆయన చాలాసేపు తంటాలు పడి చెప్పినదాన్ని అధికారిణి ఉన్నదున్నట్టు రాసింది: "షీ టోల్డ్. లీలా టోల్డ్ హర్. టూ టైమ్స్. బాస్ సెడ్ వెయిట్."

పుష్పలీల ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

మేనేజర్‌ను తీసేశారు. అంబులెన్స్‌ను తనే పిలవనందుకు పుష్పలీలకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. అప్పీలు చేసుకోవచ్చన్నారు. ఆమె చేసుకోలేదు. మిసెస్ డాబ్సన్ కొడుకుకు ఒక ఉత్తరం రాసింది. దానికి జవాబు రాలేదు. వస్తుందని ఆమె అనుకోనూ లేదు.

తిరిగి పనిలో చేరిన రోజు భోజనాల తర్వాత ఆక్రాయిడ్ గదికి వెళ్లింది. థాంక్స్ చెప్పబోతే ఆయన కిటికీ వైపు చూస్తూ, చాల్లే అన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత బల్ల సొరుగు వైపు చూపించాడు. ఆమె కార్డులు తీసింది. ఆ వేసవంతా ఇద్దరూ సాధన చేశారు. ఒకరోజు ఆయన పెళ్లి గురించి నాలుగు వాక్యాలు వరసగా చెప్పాడు. భార్య పేరు నోరా. వాన పడిందట. బస్సులో చర్చికి వెళ్లారట. ఆమె నవ్విందట. చెప్పడం పూర్తయ్యేసరికి బాగా అలిసిపోయాడు.

అక్టోబరులో రెండో స్ట్రోక్ వచ్చింది. మూడు రోజులు తెలివి లేకుండా ఉండి, నాలుగో రోజు పొద్దున పదకొండు దాటాక పోయాడు. అప్పుడు పుష్పలీల ఆయన పక్కనే ఉంది. ఆయన కనురెప్పలు మూసింది, మొహం తుడిచింది, మంచం పక్కన నిలబడి తెలుగులో ప్రార్థన చేసుకుంది. రికార్డు పుస్తకంలో ఆమె రాసిన అయిదు వాక్యాలనూ కొత్త మేనేజర్ చదివి, ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు. అంత్యక్రియలకు వచ్చినవాళ్లు ఆరుగురు. వారిలో జెమీమా ఒకతె. బడికి సెలవు పెట్టి, తనంతట తనే వస్తానంది.

2007లో నిబంధన మారింది. ఇప్పుడు అన్ని భాగాల్లోనూ ఏడు రావాలన్నారు. చర్చిలో తనతోటి నర్సులు ఇద్దరు అక్కడితో మానుకున్నారు. పుష్పలీల వేసవిలో రాసి మళ్లీ తప్పింది. నవంబరులో నాలుగోసారి రాసింది. రాయడంలో సరిగ్గా ఏడు వచ్చింది. ఆ తర్వాత ఒక ఆసుపత్రిలో మూడు నెలలు పర్యవేక్షణ కింద పనిచేసింది. ఆ మూడు నెలలూ వారాంతాల్లో హోమ్ పని మానలేదు.

నర్సుగా పేరు నమోదైందని 2008 జూలైలో ఉత్తరం వచ్చింది. సుందర్‌రాజ్ దాన్ని వంటింట్లో నిలబడి రెండుసార్లు పైకి చదివాడు. ముగ్గురూ మోకరించి ప్రార్థన చేసుకున్నారు. ఆ రోజు హోమ్‌లో మధ్యాహ్నం షిఫ్టు ఉంది. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. నలుగురికి స్నానాలు చేయించింది, టీ ఇచ్చింది, కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోతే వెతికిచ్చింది.

సెప్టెంబరు మొదటి సోమవారం ఆసుపత్రి వార్డులో స్టాఫ్ నర్సుగా చేరింది. అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్లు. బాగా అలిసిపోయిన రోజున క్రియలు ఇప్పటికీ తారుమారవుతాయి. అప్పుడు ఒక్క క్షణం ఆగి, సరిదిద్దుకుని, మళ్లీ చెబుతుంది.