కొత్తగా కొన్న పాత కారు

మా ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. తరతరాలుగా పుదుచ్చేరిలోనే ఉంటున్న మా అత్తగారి కుటుంబంలో ఎవరికీ రాదు. నా పుట్టిల్లు నెల్లూరు పక్క కాబట్టి నాకు వచ్చు. వాళ్లెవరూ చదవలేరన్న ధైర్యంతోనే ఈ కారు సంగతి తెలుగులో రాస్తున్నాను.

మాది ముత్తియాల్‌పేటలో పాత్రల అంగడి. స్టీలు సామాను లోపల ఉంటుంది. ముందు వరసలో మాత్రం ఇత్తడి దీపాలు, చెంబులు, కాఫీ ఫిల్టర్లు. అవి పోయిన నెల తయారైనవే. తయారు చేసే చోటే వాటికి మసి పట్టించి, ఏళ్ల తరబడి అటక మీద పడున్నట్టు చేసి పంపిస్తారు. టూరిస్టులు ఎవరైనా ఒక దీపాన్ని చేతిలోకి తీసుకుని నిమిరితే, మా ఆయన గొంతు తగ్గించి "మా తాత కాలం మోడల్" అంటాడు. అందులో మోడల్ అన్న మాట సరిగా వినపడదు. అబద్ధం మాత్రం చెప్పడు.

ఇన్నేళ్లుగా ఈ విద్య తెలిసిన మనిషి ఒక సాయంత్రం ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు.

"చూడు, ఎట్టుండాది?"

ఫోన్లో ఒక చిన్న కారు. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, చుట్టూ వెండి రంగు పట్టీ. ఒళ్లంతా లేత పచ్చ, పైకప్పు మీగడ రంగు.

"పాత కారా?"

"కొత్తది. పాత దాని మాదిరి చేసినారు."

"అట్టయితే పాతదే కొంటే పోలా?"

ఆయన నా వంక జాలిగా చూశాడు. "మా నాయిన కారు ఇది. అచ్చం ఇదే ముఖం."

మా మామగారి కారును నేను చూడలేదు. నేను కాపురానికి రాకముందే అమ్మేశారు. హాల్లో ఫోటో మాత్రం ఉంది. అందులో మామగారు కారు బానెట్ మీద చెయ్యి వేసి, దాన్ని తానే కన్నట్టు నిలబడి ఉంటారు. ఆ కారు తయారు చేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో ఆపేసింది. ఇప్పుడు అదే ముఖాన్ని ఒక కొత్త కారుకు తగిలించి మళ్లీ అమ్ముతోంది.

షోరూంకు నేనూ వెళ్లాను. టై కట్టుకున్న సేల్స్‌మన్ మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించాడు.

"ఇది కారు కాదు సార్. మీ నాన్నగారి జ్ఞాపకం."

గొంతు తగ్గించగానే నేను మా ఆయన వైపు చూశాను. ఆయనకు తెలియని పద్ధతి కాదు కదా. కానీ ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మైలేజ్ ఎంత ఇస్తుందని నేను అడిగాను. చావింట్లో బిర్యానీ అడిగినదాన్ని చూసినట్టు ఇద్దరూ నన్ను చూశారు.

కారు ఇంటికొచ్చిన రోజు మా అత్త వాకిట్లోకి వచ్చి, దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఆమెకు ఎనభై దగ్గర పడుతున్నాయి. చూపు కొంచెం తగ్గింది గానీ దీన్ని గుర్తుపట్టింది.

"ఇది మళ్లీ యాడి నుంచి వచ్చిందిరా నాయినా? అమ్మేసినాం గదా!"

"ఇది కొత్తదమ్మా."

"కొత్తదానికి ఈ ముఖమేందిరా?"

వీధిలో ఇంకెవరూ ఆ ప్రశ్న అంత సూటిగా అడగలేదు. అదే వచ్చిన చిక్కు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, చక్కెర పొంగలి పంచుతుంటే, ఎదురింటి అక్క గిన్నె అందుకుని నా చెయ్యి పట్టుకుంది.

"సెకండ్ హ్యాండ్ అయితే ఏమమ్మా, తిరిగేదానికి బండి ఉంటే చాలు. వ్యాపారం మళ్లీ పుంజుకుంటాదిలే."

మా వ్యాపారం ఎక్కడా పడలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె ఇంకా జాలిగా తల ఊపింది. బజారు వీధిలో పెద్దాయన ఒకాయన మా ఆయన్ను పక్కకు పిలిచి, ఏదైనా కష్టముంటే దాచుకోవద్దని చెప్పాడట. ఆ రోజు నుంచి మా ఆయన సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. షోరూం వాళ్లు కట్టిన రిబ్బన్ కూడా అద్దానికి అట్లాగే ఉంచాడు. ఎండకు ప్లాస్టిక్ కాలి మా వీపులకు అంటుకునేది. కారు కొత్తదని లోకానికి తెలియాలంటే మేం ఆ మాత్రం ఓర్చుకోవాలి.

నాలుగో రోజు పొద్దున కారు స్టార్ట్ కాలేదు. మా ఆయన బటన్ నొక్కుతున్నాడు, తెర మీద ఏవో బొమ్మలు వచ్చి పోతున్నాయి, ఇంజన్ మాత్రం పలకదు. నేను ఆఫీసుకు కదిర్కామం పోవాలి. స్కూటర్ తీద్దామని లోపలికి వెళ్లి తాళంతో తిరిగి వచ్చేసరికి, మా అత్త చీర కొంగు నడుముకు దోపుకుని కారు వెనక నిలబడి ఉంది. రెండు చేతులూ డిక్కీ మీద ఆనించింది.

"ఏంది అత్తా ఇది?"

"వాణ్ణి రెండో గేరు వెయ్యమను. నేను తోస్తాండా."

ఆ కారుకు రెండో గేరు లేదు. ఏ గేరూ లేదు, అంతా ఆటోమేటిక్. ఆమెను పక్కకు తీసుకొచ్చేసరికి వీధి చివర షెడ్డులో ఉండే ముసలి మెకానిక్ రానే వచ్చాడు. మా మామగారి కారును ముప్పై ఏళ్లు బతికించింది అతనే. పిలవకుండానే సంచీ నిండా స్పానర్లతో వచ్చాడు. బానెట్ తెరిచాడు. లోపల ఈ కొస నుంచి ఆ కొసకు ఒక నల్లటి ప్లాస్టిక్ మూత. అతను ఒంగి చూశాడు, పక్కకు తిరిగి చూశాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. మా అంగడి వాళ్లను అతను మొదలాళీ అంటాడు, అంటే యజమాని అని. తమిళంలో అన్న మాటను తెలుగులో చెప్తాను.

"ఇంజన్ యాడ పెట్టినారు మొదలాళీ?"

అది ఆ మూత కిందే ఎక్కడో ఉందని ముగ్గురం కలిసి నిర్ణయించాం. చివరికి కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే, ఒక అమ్మాయి చాలా మర్యాదగా, బ్రేకు తొక్కి బటన్ నొక్కమని చెప్పింది. మా ఆయన ఆ రోజు తొందరలో ఇంతసేపూ ఆక్సిలరేటర్ తొక్కుతున్నాడు. బండి స్టార్ట్ అయింది. మెకానిక్ సంచీ భుజాన వేసుకుని, పోయే ముందు గుండ్రటి దీపాన్ని అరచేత్తో తడిమాడు.

"ముఖం పెద్ద మొదలాళి బండిదే. లోపల ఎవరో నాకు తెల్లేదు."

ఆ మాట అన్నాక అతను నవ్వలేదు. రోజంతా దాని గురించే ఆలోచిస్తూ ఉన్నానని మా ఆయన తర్వాత చెప్పాడు.

అసలు అవమానం మురుంగపాక్కంలో జరిగింది. అక్కడొక పెళ్లి. పెళ్లికూతురు సారె సామానంతా మా అంగడిలోనే కొన్నారని ఆమె తండ్రి వచ్చి పిలిచాడు. ముగ్గురం కారులో వెళ్లాం. మండపం ముందు కారు పెట్టి, తాళం వాచ్‌మన్‌కు ఇచ్చి లోపలికి పోయి భోజనాలకు కూర్చున్నాం. పాయసం వడ్డించే లోపల పెళ్లికూతురు తండ్రి చెమటలు కక్కుతూ వచ్చి మా ఆయన చెవి దగ్గర ఒంగాడు.

సంగతేమిటంటే, ఊరేగింపుకు పెళ్లికొడుకు వాళ్లు పాతకాలం కారు కావాలని పట్టుబడితే, ఈయన ఒక నిజమైన పాత కారును అద్దెకు మాట్లాడాడు. అది నిజమైన పాత కారే కాబట్టి కడలూరు దగ్గర ఆగిపోయింది. పూలు కట్టేవాళ్లకు ఇదేమీ తెలియదు. వాకిట్లో కనపడిన మా కారే అదనుకుని పని కానిచ్చేశారు.

బయటికొచ్చి చూస్తే కారు లేదు, పూల గుట్ట ఉంది. కొత్తదని చెప్పుకోడానికి దాచుకున్న రిబ్బన్ ఎక్కడో చామంతుల కింద పడిపోయింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు అప్పటికే వెనక సీట్లో ఇరుక్కుని ఉన్నారు.

"మీరే నా మానం కాపాడాల," అన్నాడు ఆ తండ్రి.

మా ఆయన వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పట్టుపంచె కట్టుకున్నాడు, వేళ్లకు రెండు ఉంగరాలు. అయినా ఆ సీట్లో కూర్చోగానే డ్రైవర్ అయిపోయాడు. పెళ్లికొడుకు మేనమామ ఒకాయన వచ్చి బానెట్ మీద చేత్తో తట్టి, "డ్రైవర్, మేళం వెనకాలే మెల్లగా రావాల. హారన్ కొట్టొద్దు" అన్నాడు. మా ఆయన తల ఊపాడు. మూడు వీధులు తిరగడానికి గంట పట్టింది. దిగాక ఆ మేనమామే వచ్చి ఒక పంచె, తువ్వాలు, తాంబూలం సంచీ చేతిలో పెట్టి, "బండిని బాగా చూసుకుంటుండావు" అని భుజం తట్టాడు.

ఇంటికి వచ్చేటప్పుడు మా అత్త ఆ తువ్వాలు విప్పి, "మంచి నూలే" అంది.

వారం తిరక్కముందే ఆ పెళ్లిలో ఫోటోలు తీసినతను ఫోన్ చేశాడు. ఫ్రెంచి వీధుల్లో, పసుప్పచ్చ గోడల ముందు పెళ్లి జంటల్ని ఫోటోలు తీస్తాడట, ఈ కారు కావాలట. మా ఆయన కోపంతో ఫోన్ పెట్టేశాడు. తర్వాతి ఆదివారం పొద్దున్నే కారు కడిగి, సీట్ల కవర్లు పీకేసి, ఒక్కసారికే అని నాతో చెప్పి వెళ్లాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వెళ్లాడు. కారణం ఒకటే. మా వీధిలో జాలిపడే కారును అక్కడ అందరూ మెచ్చుకుంటారు. చుట్టూ చేరి అడుగుతారు. అడిగితే మా ఆయన గొంతు తగ్గిస్తాడు. మొదటి వారం కథలో మా మామగారు ఆ కారులో మద్రాసు దాకా వెళ్లొచ్చారు. మూడో వారానికి ఒక ఫ్రెంచి దొరసానిని కడలూరులో దింపారు. ఐదో వారానికి ఆమె మళ్లీ రమ్మని ఉత్తరం రాసింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను కాబట్టి, ఉత్తరం ఏ భాషలో రాసిందని అడిగాను. ఇంటికి వచ్చాక మాట్లాడదామన్నాడు.

ఒక ఆదివారం మా అత్తను గుడికి తీసుకెళ్లాల్సి ఉండి, ఫోటోల పని అయ్యేదాకా ఆమెను కూడా అక్కడే కూర్చోబెట్టాం. పెళ్లికూతురు కాబోయే ఒక పిల్ల వచ్చి ఆమె పక్కన చతికిలబడింది.

"అవ్వా, మీరు తాతయ్యతో ఈ కారులో ఇట్లాగే తిరిగేవాళ్లా?"

అందరూ ముచ్చటగా ఆగారు. ఫోటోలతను కెమెరా కూడా ఎత్తాడు.

"నేను లోపల యాడ కూర్చున్నా? వెనకాల తోసేదే నా పని. వీడు కడుపులో ఉండంగా గూడా తోసినా," అని మా ఆయన్ను చూపించింది. "ఆయన ఒక్కసారే నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టినాడు. దాన్ని అమ్మేదానికి విళుప్పురం పోయిన దినం."

మా ఆయన దొరసాని కథ మధ్యలో ఆపేశాడు.

"ఆ దినం అది ఒక్క తూరి గూడా నిలిచిపోలా. ముప్పై ఏండ్లలో అదే మొదలు. విళుప్పురం చేరినాక ఆయన నన్ను అడిగినాడు, 'ఇప్పుడు బాగా పోతాండాది గదా, అమ్మనా వద్దా' అని. అమ్మేయమన్నా. వచ్చేటప్పుడు బస్సులో ఆయన ఏడ్చినాడు. నేను కిటికీ పక్కకు తిరిగి నవ్వుకున్నా. ఇంటికొచ్చి పొయ్యి కాడ కూర్చుంటే నాకూ ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెల్లేదు."

"నాకెప్పుడూ చెప్పలేదే అమ్మా," అన్నాడు మా ఆయన.

"నువ్వు ఎప్పుడు అడిగినావు?"

ఆయన వెళ్లి కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఫోటోలతను మాత్రం ఎగిరి గంతేశాడు. అంత మంచి పోజు అతనికి ఇన్నాళ్లూ తట్టలేదట. వెంటనే పెళ్లికొడుకును స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ఆ పిల్లను వెనక నిలబెట్టి తోయమన్నాడు. ఆమె పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ రెండు వేళ్లు కారుకు ఆనించింది.

"అట్ట గాదమ్మి, భుజం ఆనించు," అంది మా అత్త. "నవ్వితే దమ్ము పోతాది."

ఆ ఫోటో బాగా నచ్చిందేమో, తర్వాత కొన్ని వారాలు వచ్చిన ప్రతి జంటా కారును తోస్తామన్నారు. మా ఆయన తోయించాడు గానీ, మద్రాసు కథ, దొరసాని కథ మళ్లీ ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే, మా నాయిన కారు చానా నిలిచిపోయేదండీ అని మామూలు గొంతుతోనే అనేవాడు. అడిగినవాళ్లకు ఆ సమాధానం పెద్దగా రుచించేది కాదు. కొన్నాళ్లకు ఫోటోలతను చిలక ముక్కు రంగు పడవ ఒకటి ఎక్కడో సంపాదించి, జంటలన్నిటినీ సముద్రం ఒడ్డుకు తోలుకుపోయాడు. మాకు ఆదివారాలు తిరిగి వచ్చాయి.

వానాకాలం మొదలయ్యాక నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. స్కూటర్ మీద కదిర్కామం దాకా తడిసి పోవడం నా వల్ల కాలేదు. నేర్పినంతసేపూ మా ఆయన పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. ఇప్పుడు కారు నాది. ఆయన టూవీలర్ మీద అంగడికి పోతాడు, మా సందులో అదే సుఖం. ఆఫీసు వాళ్లు ముగ్గురు రోజూ నాతో వస్తారు. ఈ కారుకు తలుపులు రెండే. వెనక కూర్చున్నవాళ్లు దిగాలంటే ముందు సీటు మడవాలి, ముందు కూర్చున్నావిడ దిగాలి. ఆమె కాస్త భారీ మనిషి. పోయిన మంగళవారం జోరు వాన. గేటు దగ్గర ఆమె ఒక కాలు బయట పెట్టి గొడుగు తెరవబోతే అది లోపలే విచ్చుకుంది. నలుగురం ఆ గొడుగు కింద, కారు లోపల, ఊపిరాడకుండా నవ్వుతూ ఉండిపోయాం. ఆఫీసుకు పావుగంట ఆలస్యమైంది.