మైకక్క రెండువందల పన్నెండు పుస్తకాలు

ఆమెను అందరూ మైకక్క అంటారు. పంతొమ్మిదేళ్లపాటు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎవరి పిల్ల తప్పిపోయి విచారణ కౌంటరు దగ్గర ఏడుస్తోందో చెప్పిన గొంతు ఆమెది. కిటికీ లేని ఆ గదిలోంచి ఆమె మాట్లాడితే ప్రయాణికులు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి వినేవారట. తర్వాత ఆ పనిని ఒక యంత్రానికి అప్పజెప్పారు. మైకక్కను సామాన్లు భద్రపరిచే గదికి మార్చారు. అక్కడ నోరు మెదపాల్సిన పనే లేదు. రెండేళ్లు ఓర్చుకుని, ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేసింది.

అలా ఊరికే కూర్చున్న రోజుల్లోనే ఎదురింటి అమ్మాయి, చూపులేని పిల్ల, ఒక సాంఘికశాస్త్రం పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, అమ్మ ఆఫీసు నుంచి వచ్చేసరికి బాగా అలిసిపోతోంది. ఒక్క పాఠం చదివిపెడతావా?"

ఒక పాఠం చదివింది. మర్నాడు అదే పాఠం మళ్లీ చదవమంది ఆ పిల్ల. మూడోరోజు కూడా అదే పాఠం. లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మైకక్క భర్త ఇదంతా చూసి, "ఎన్నిసార్లని చదువుతావు? ఇంట్లో కంప్యూటర్ ఉంది కదా, రికార్డు చేసి ఇవ్వు" అన్నాడు. ఆయనే వెళ్లి మైకు కొనుక్కొచ్చాడు. సామాను గది ఖాళీ చేసి, గోడలకు పాత బొంతలు మేకులతో కొట్టాడు. ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుకుంటూ ఆమె చదివేది. పక్కింటి కుక్క మొరిగితే ఆగి, ఆ వాక్యం మొదటినుంచి మళ్లీ అందుకునేది.

ఎదురింటి అమ్మాయి పాసైంది. ఆమె స్నేహితులు పుస్తకాలు పంపారు. వాళ్ల స్నేహితులూ పంపారు. చదవడం కంటే బొమ్మల్ని మాటల్లో పెట్టడం కష్టమయ్యేది మైకక్కకు. గుండె బొమ్మలో నాలుగు గదులున్నాయని చెబితే సరిపోదు. ఏ గదిలోంచి ఏ గదిలోకి తలుపుందో, ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో చెప్పాలి. అలాంటి ఒక్క పేజీకి ఒక పూట పట్టేది. తొమ్మిదేళ్లలో రెండువందల పన్నెండు పుస్తకాలయ్యాయి. అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

ఆమెకు జాగ్రత్త లేదని ఎవరూ అనలేరు. ప్రతి శనివారం భోజనాలయ్యాక ఒక నల్లటి డిస్కును కంప్యూటర్‌కి తగిలించేది. తెరమీద 'పుస్తకాలు' అని ఉన్న బొమ్మను పట్టుకుని డిస్కులోకి లాగేది. రెప్పపాటులో కాపీ అయిపోయేది. తర్వాత డిస్కులోకి వెళ్లి నొక్కి చూసుకునేది కూడా. పుస్తకాలన్నీ వరసగా తెరుచుకునేవి. డిస్కును జేబురుమాల్లో చుట్టి బీరువాలో చీరల మధ్య దాచేది. ఈ విషయం వాళ్ల వదినతో ఫోన్లో గొప్పగా చెప్పుకునేది కూడా. "మన కంప్యూటర్ పాతదే గానీ వదినా, చురుకు చూడాలి. తొమ్మిదేళ్ల చదువు చిటికెలో కాపీ చేసేస్తుంది!"

ఒక వేసవిలో కంప్యూటర్ గురక పెట్టడం మొదలెట్టింది. లోపలి ఫ్యాను హోరు రికార్డింగుల్లోకి వచ్చేస్తోంది. దాని వెనకాల టిక్కు టిక్కుమని ఇంకో చప్పుడు కూడా. భర్త తన చెవి ఆనించి విని, "ఇది బేరింగు చప్పుడులా ఉందే" అన్నాడు. రిపేరు షాపుకి ఫోన్ చేశారు. ఆ మెకానిక్‌ని ఆ చుట్టుపక్కల 'చెవుల మెకానిక్' అంటారు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ఏ పెట్టె తెచ్చినా విప్పే ముందు చెవి పెట్టి వింటాడు.

"కాపీ పెట్టుకున్న డిస్కు ఏదైనా ఉంటే అది కూడా తీసుకురండక్కా. అది చూడందే నేను స్క్రూ ముట్టుకోను" అన్నాడు ఫోన్లో.

మైకక్క డిస్కును జేబురుమాలతో సహా తీసుకెళ్లి బల్లమీద పెట్టింది. మెకానిక్ దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించాడు. 'పుస్తకాలు' మీద నొక్కాడు. ఏమీ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని తెర దగ్గరికి వంగాడు.

"అక్కా, ఇందులో పుస్తకాలు లేవు."

"అదేంటి? మొన్న శనివారం కూడా తెరిచి చూశాను!"

"మీ ఇంట్లో, మీ కంప్యూటర్‌లో చూశారు. అందుకే తెరుచుకుంది. ఇదిగో, ఈ బొమ్మ మూలన చిన్న బాణం గుర్తుంది చూశారా? ఇది పుస్తకాల సంచి కాదు. సంచి ఎక్కడుందో చెప్పే చీటీ. మీరు తొమ్మిదేళ్లుగా చీటీని కాపీ చేసుకుంటున్నారు. అసలు సంచి ఆ పెట్టెలోనే ఉండిపోయింది."

భర్త స్టూలు జరిపి మైకక్కను కూర్చోబెట్టాడు. మెకానిక్ ఆమె తెచ్చిన పెట్టెను బల్లమీదికి ఎత్తి, పక్కరేకు విప్పాడు. లోపల దుమ్ము బొంతలా పేరుకుని ఉంది. ఫ్యాను రెక్కలు కనపడటం లేదు. అతను దుమ్మును ముట్టుకోకుండా, ముందు పెట్టె లోపలి డిస్కును బయటికి తీసి తన మిషన్‌కి తగిలించి, చెవి పెట్టి విన్నాడు. తెరమీద ఏవో అంకెలు చూశాడు.

"ఇది రోజులు లెక్కబెట్టుకుంటోందక్కా. ఇంకా చదువుతోంది, అది మన అదృష్టం. వేడికి కొన్నిచోట్ల పాడైంది. ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేను. వెంటనే కొత్త డిస్కులోకి ఎక్కించేద్దాం. అన్నీ ఒకేసారి రావు. ముందు ఏవి కావాలో చెప్పండి."

ఆ మాటతో మైకక్క తేరుకుంది. తప్పిపోయిన పిల్లల గురించి మైకులో చెప్పేటప్పుడు వచ్చే నిదానం ఆమె గొంతులోకి వచ్చింది.

"ముందు లా పుస్తకాలు. ఎదురింటి అమ్మాయి ఇప్పుడు లా చదువుతోంది. తర్వాత అచ్చులో దొరకని పాతవి, వాటిని అడిగి తెచ్చుకుని తిరిగిచ్చేశాను, మళ్లీ దొరకవు. స్కూలు పుస్తకాలు చివర్న. అవి ఎలాగూ మారుతూ ఉంటాయి, మళ్లీ చదువుకుంటాను."

అప్పుడు పొద్దున పదకొండు. తెరమీద ఒక పచ్చగీత కదలడం మొదలైంది. ఆ గీత వైపు చూస్తూ మైకక్క మంచినీళ్లు కూడా తాగలేదు. భర్త అరగంటకోసారి బయటికెళ్లి వచ్చేవాడు. కూర్చోలేక, షాపు ముందున్న సైకిల్ చక్రానికి గాలి ఉందో లేదో నొక్కి చూసేవాడు. అది ఎవరి సైకిలో కూడా ఆయనకు తెలీదు. రెండు గంటలకు లా పుస్తకాలన్నీ వచ్చేశాయి. నాలుగింటికి పాతవి వచ్చేశాయి. మధ్యలో డిస్కు టిక్కుమన్నప్పుడల్లా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అయిదు దాటాక గీత ఆగిపోయింది. ఒక వృక్షశాస్త్రం పుస్తకం దగ్గర. మెకానిక్ ఒకసారి ప్రయత్నించాడు, రెండోసారి, మూడోసారి. తల అడ్డంగా ఊపి, దాన్ని దాటేసి ముందుకెళ్లాడు. మిగతావి సాఫీగా వచ్చేశాయి.

"మూడు పాఠాలు పోయాయక్కా. ఆకులు, వేర్లు, విత్తనాలు. ఏం చెయ్యలేకపోయాను."

"మూడేనా?"

"మూడే."

"మొత్తం మీద మూడే?"

"మూడేనక్కా!"

మైకక్క నవ్వింది. నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. మెకానిక్ మాత్రం అప్పుడే వదల్లేదు. కొత్త డిస్కును ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, కళ్లు మూసుకుని ఒక పుస్తకం మీద వేలు పెట్టి నొక్కాడు. ఆరేళ్లనాటి మైకక్క గొంతు షాపంతా పరుచుకుంది: "బొమ్మలో ఒక కొండవాలు ఉంది. వాలు మీద మూడు ఇళ్లున్నాయి…" అలా మరో అయిదు పుస్తకాలు తెరిచి వినిపించాడు. అయిదోది లా పుస్తకం; అందులో వెనకాల పక్కింటి కుక్క మొరిగింది. మైకక్క భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు. "దీన్ని ఎలా వదిలేశావు? నీకు తెలీకుండా ఇది కూడా లా చదివేసింది!"

ఆ రోజు మెకానిక్ చెప్పినవన్నీ ఆమె భర్త ఒక చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. రిటైరయ్యాక ఆయనకు దొరికిన మొదటి ఉద్యోగం అదే. కాపీలు రెండు ఉండాలి; ఒకటి ఇంట్లో, ఇంకోటి వేరే ఇంట్లో. శనివారం కాపీ కాగానే సరిపోదు; నెలకోసారి ఆ డిస్కును వేరే కంప్యూటర్‌లో తెరిచి, ఏదో ఒక పుస్తకం వినాలి. మూడు నెలలకోసారి పెట్టె బయట పెట్టి, మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. గోడకు ఆనించకూడదు. కరెంటు పోయినా వెంటనే ఆగిపోకుండా మధ్యలో బ్యాటరీ పెట్టె ఉండాలి. తెలియనివాళ్లు పంపిన ఫైళ్లు తెరవకూడదు. చుట్టాలు వచ్చి ఆటలు ఎక్కిస్తామంటే, "ఇది ఆఫీసు మిషన్" అని చెప్పాలి. ఈ చివరిది మెకానిక్ చెప్పలేదు, భర్తే కలిపాడు.

రెండో డిస్కు ఊరికి ఆ చివర ఉన్న వదిన ఇంటికి చేరింది. నెలకోసారి మైకక్క అక్కడికి వెళ్లి, ఇక్కడిది అక్కడ పెట్టి, అక్కడిది ఇక్కడికి తెచ్చుకునేది. వదిన కంప్యూటర్‌లో ఒక పాఠం తెరిచి వినేవారు ఇద్దరూ. వదినకు ఎముకల పేర్లు అలా కొన్ని నోటికొచ్చేశాయి. మోకాలి నొప్పి గురించి డాక్టరు దగ్గర ఆ పేర్లతోనే చెప్పిందట.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక మంగళవారం పొద్దున మైకక్క సామాను గది తలుపు తెరిచేసరికి చప్పుడు వినిపించింది. పైవాటా వాళ్ల నీళ్ల పైపు ఎక్కడో పగిలింది. స్లాబులోంచి కారిన నీళ్లు సరిగ్గా కంప్యూటర్ నడినెత్తిన పడుతున్నాయి. బొంతలు తడిసి బరువెక్కి ఒకటి ఊడిపోయింది. భర్త పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపేశాడు. పెట్టెను వంచితే గ్లాసుడు నీళ్లు కారాయి.

"పోయిందే" అన్నాడాయన.

మైకక్క పెట్టెకేసి చూసి, బకెట్ తెచ్చి కారుతున్నచోట పెట్టి, గుడ్డ తీసుకుని నేల తుడవడం మొదలెట్టింది. నేల తుడుస్తున్నంతసేపూ తనకు గాబరా ఎందుకు పుట్టడం లేదా అని ఆమెకే ఆశ్చర్యం. బీరువా తీసి చూసింది. డిస్కు పొడిగా ఉంది. వదినకు ఫోన్ చేసింది. "నా దగ్గరిది కూడా భద్రంగా ఉందిలే" అంది వదిన.

ఒక్కటే గుచ్చుకుంది. శనివారం కాపీ అయ్యాక, ఆది, సోమవారాల్లో రెండు లా పాఠాలు రికార్డు చేసింది. ఎదురింటి అమ్మాయికి శుక్రవారం ఆఖరి పరీక్ష. ఆ రెండు పాఠాలు దానికోసమే. ఇప్పుడు అవి ఏ డిస్కులోనూ లేవు. మైకక్క తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఎదురింటికి నడిచింది.

"తల్లీ, కంప్యూటర్ నీళ్లల్లో మునిగింది. మొన్నటి రెండు పాఠాలు పోయాయి. పుస్తకం ఇవ్వు, ఇక్కడే కూర్చుని చదివేస్తాను."

"ఎందుకు పిన్నీ? నిన్న సాయంత్రమే పంపావు కదా, నా ఫోన్లో ఉన్నాయి. రెండుసార్లు విన్నాను కూడా."

మైకక్క అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది. పంపిన సంగతి మరిచేపోయింది! ఆ అమ్మాయి తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "ఏడుస్తున్నావా పిన్నీ?" అని అడిగింది. "లేదమ్మా, కాసేపు కూర్చోనియ్యి. ఊరికే హాయిగా ఉంది" అంది మైకక్క.

గురువారానికి మెకానిక్ ఇంకో కంప్యూటర్ సిద్ధం చేశాడు. డిస్కు తగిలించగానే రెండువందల పన్నెండు పుస్తకాలూ, ఆ తర్వాత చదివినవీ, ఎదురింటి అమ్మాయి తిరిగి పంపిన రెండు పాఠాలూ అందులోకి వచ్చి కూర్చున్నాయి. పోయిన ఆకులు, వేర్లు, విత్తనాలు అప్పటికే మళ్లీ చదివేసి ఉంచింది. ఈసారి వేరు బొమ్మను మొదటిదానికంటే బాగా చెప్పగలిగిందని ఆమె నమ్మకం.

ఆ మర్నాడు, అమ్మాయి పరీక్ష రాస్తున్న వేళ, చూపులేని పిల్లల పాఠశాల గ్రంథాలయం నుంచి కబురొచ్చింది. పుస్తకాలన్నీ ఒక్కచోట తమ దగ్గర ఉంచుకుంటామని, పిల్లలు ఎప్పుడంటే అప్పుడు వినొచ్చని. మైకక్క స్వయంగా డిస్కు పట్టుకెళ్లింది. గ్రంథాలయం చూసే పెద్దాయనకు కూడా చూపు లేదు. ఆయన కాపీ అయ్యాక డిస్కు పక్కన పెట్టి, తన కంప్యూటర్‌లోంచే ఒక పుస్తకం తెరిచి, రెండు నిమిషాలు శ్రద్ధగా విన్నాడు.

"వచ్చేసిందమ్మా. అన్నీ వచ్చేశాయి" అన్నాడు. తర్వాత డిస్కు తిరిగిస్తూ, "మీరు ఒకప్పుడు బస్టాండులో చెప్పేవారు కదూ?" అని అడిగాడు.

"అవునండీ."

"నేను మీ గొంతు పట్టుకునే నా బస్సు ఎక్కేవాణ్ణి."

మైకక్క ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, మధ్యాహ్నం పూట మంచమెక్కింది. ఆమెకు పగలు పడుకునే అలవాటు లేదు. ఆ రోజు మాత్రం ఒళ్లు మరిచి నిద్రపోయింది. మధ్యలో ఫోన్ మోగింది. పరీక్ష బాగా రాశానని చెప్పడానికి ఎదురింటి అమ్మాయి చేసింది. భర్త ఫోన్ ఎత్తి, గొంతు తగ్గించి, "మీ పిన్ని నిద్రపోతోందమ్మా, లేచాక చెబుతాను" అన్నాడు.