మావయ్య ప్లేటు రెండో వైపు

నేను లెక్కల టీచర్ని. దెయ్యమనీ గాలి సోకిందనీ ఎవరైనా అంటే నవ్వేదాన్ని. ఇప్పటికీ నమ్మకం లేదు. అరవైల చివర, చీపురుపల్లిలో, పట్టపగలు నా చెవులతో విన్నది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

మావారు రైల్వేలో గుమాస్తా. మా అత్త మాతోనే ఉండేది. మావయ్యను నేను చూడలేదు. నాటకాల్లో పద్యాలు పాడేవాడట. ఒకసారి మద్రాసు వెళ్లి ఒకే ఒక్క గ్రామఫోను ప్లేటుకి రెండు వైపులా పాడాడు. మావారు పొత్తిళ్లలో ఉండగానే కలరా వచ్చి పోయాడు. ఇంట్లో ఉన్న ప్లేటు కూడా కొన్నాళ్లకే పగిలిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం రేడియోలో పాత ప్లేట్లు వేసే కార్యక్రమం వచ్చేది. రెండు మూడు నెలలకోసారి మావయ్య పద్యం పడేది. ఎప్పుడూ ఒక వైపే. ఆయన గొంతు వినడానికి అత్తకి వేరే దారి లేదు. ఆదివారం వచ్చిందంటే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని ట్రాన్సిస్టర్ ముందు కూర్చునేది.

ఒక ఆదివారం ఆ వేళకి ఎరువుల గురించి ప్రసంగం వచ్చింది. మరుసటి వారమూ అంతే. మావారు రేడియో వాళ్లకి ఉత్తరం రాశారు. కార్యక్రమం ఆపేశామనీ, అరిగిన ప్లేట్లు తీసేశామనీ జవాబొచ్చింది. అత్తకి చదివి వినిపించాను.

"తీసేసి ఏటి సేస్తారు? పారేస్తారా?" అంది.



అయినా ఆ వేళకి వచ్చి కూర్చునేది. తలంటు మానేసింది. తిండి తగ్గించేసింది.

ఆ వేసవిలో ఒక ఆదివారం. రేడియో సెల్లులు నీరసించాయని నేనే తీసి పెరటి గోడ మీద ఎండలో పెట్టాను. వంటింటి కిటికీలోంచి నాలుగూ కనబడుతూనే ఉన్నాయి. ముందు గదిలోంచి పాట వచ్చింది. మావయ్య గొంతే. ప్లేటు మీద ముల్లు గీసుకునే చప్పుడుతో సహా. కానీ నేనెరిగిన పద్యం కాదు. ఏదో పడవవాడి పాట. మధ్యలో చిన్న దగ్గు.

పరిగెత్తాను. గడప దాటేదాకా వినబడింది, దాటగానే ఆగిపోయింది. రేడియో వెనక మూత తెరిచే ఉంది. లోపల ఖాళీ. అత్త దాని ముందే కూర్చుని ఉంది.

"ఏటే, అలా నిలబడిపోనావు?"

చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను. నమ్మదేమోనని ఆ వరస కూనిరాగం తీశాను. అత్త మొహం పాలిపోయింది.

"అది రెండో వైపుదే. ఆ దగ్గు కూడా ఉన్నాది. నీకెవులు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ పాట ఉందనే మావారికి తెలీదు. మా వీధిలో ఇంకో రేడియో లేదు, తర్వాత అడిగి చూశాను. అత్తకి చెవుడేమీ లేదు. గూడ్సు బండి వస్తోందని నాకంటే ముందే చెప్పే మనిషి.

ఆ ఖాళీ డబ్బా కేసి చూసింది. "నాను ఇక్కడే కూకున్నాను కదే. నాకెందుకు ఇనబడనేదు?"

మర్నాడు ఆ వరస మళ్లీ తీయమంది. నాకు రాలేదు. ఎంత తలుచుకున్నా ఒక్క ముక్క కూడా రాలేదు. రోజూ అడిగేది. కొన్నాళ్లకి అడగడం కూడా మానేసింది. వానలు పడేసరికి మంచాన పడి, అందులోనే పోయింది.

అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలీదు. అన్నేళ్లు దానికోసం చెవులొగ్గిన మనిషిని దాటుకుని, ఆయన ముఖం కూడా ఎరగని నా దాకా ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు.