ఎర్త్ వైరు బోల్టు

దసరాకు జీపుకు కొత్త రంగు వేయించి, మర్నాడే వికారాబాద్‌లో ప్యాసింజర్లను ఎక్కించుకున్నాను. దారిలో చాయ్‌కి ఆపితే మళ్ళీ స్టార్టు కాలేదు. నెట్టినా లాభం లేకపోయింది. తాండూరులో రైలు అందుకోవాలన్న ముసలాయన మెల్లగా అన్నాడు.

"జర ఎర్త్ వైరు చూడు బేటా."

"నా బండి నాకు తెల్వదా చాచా? నువ్వు కూసో."

గంటసేపు బ్యాటరీ, డైనమో అన్నీ కెలికాను. చివరికి ఆయనే బ్యాటరీ నుంచి బండి బాడీకి పోయే ఆ వైరు బోల్టు విప్పి, కింద కరెంటుకు అడ్డుపడ్డ కొత్త రంగును చాకుతో గీకి బిగించాడు. బండి వెంటనే అందుకుంది.

తాండూరు చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. ఆ రైల్లో అత్తారింటికి పోతున్న బిడ్డకు ఇద్దామని తెచ్చిన గాజుల డబ్బా ఆయన చేతిలోనే మిగిలింది.

"ఫికర్ చెయ్యకు బేటా," అని నన్నే ఓదార్చాడు.

ఇప్పటికీ దసరాకు రంగు వేయిస్తే ఆ బోల్టు పక్కనే నిలబడతాను. అక్కడ బ్రష్షు తగలనివ్వను.