కెపాసిటర్‌కి జ్వరం

వీధంతా ఆవిణ్ణి రేడియో పిన్ని అంటారు. తమ్ముడు ఓడ మీద పనిచేస్తాడు; రేడియో సెట్టులో మాట్లాడితే అతని దాకా తన గొంతు చేరాలని, సెట్టు బలం పెంచే ఆంప్లిఫయర్ స్వయంగా కట్టుకుంది. మాట్లాడిన ప్రతిసారీ స్విచ్ ఆపి, లోపల మిగిలిన కరెంటు దింపేసి, కరెంటు నిలవ ఉంచే డబ్బాల్లాంటి కెపాసిటర్ల మీద చెయ్యి పెట్టి చూస్తుంది, పసిపిల్ల నుదురు చూసినట్టు. వాటిలోకి వస్తూ పోతూ ఉండే రిపుల్ కరెంటు వేడెక్కిస్తుంది. వేడి ముదిరితే ఉబ్బి పేలతాయి. ఆ భయం ఆవిడకి తిన్న తిండి ఒంటపట్టనివ్వదు.

ఆ సాయంత్రం తుఫానులో చిక్కుకున్న తమ్ముడు, "అక్కా, ఏదో గుంయ్‌మంటోంది, నీ మాట తెలియట్లేదు. కాస్త పెంచు!" అన్నాడు. "పెంచవే, ఏం చూస్తున్నావ్?" అని పక్కనే భర్త కంగారుపడ్డాడు. ఆంప్లిఫయర్ పెట్టె జాలీలోంచి చూస్తే ఒక కెపాసిటర్ నెత్తి పొంగి ఉంది. పెంచితే పేలుతుంది, ఆపితే తన గొంతు తమ్ముడి దాకా చేరుతుందో లేదో. చివరికి కళ్లు మూసుకుని ఆంప్లిఫయర్ ఆపేసి, ఉత్త సెట్టుతోనే, "ఒరేయ్, ఉన్నావా?" అంది. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. "ఉన్నానక్కా! గొంతు సన్నగా ఉంది గానీ ఆ గుంయ్ పోయింది. ప్రతి మాటా తెలుస్తోంది." ఆ గుంయ్ ఈ ఉబ్బినదాని వల్లేనన్నమాట అనుకుంటూ ఆవిడ జాలీ వైపు చూసింది. "అక్కా, మాట్లాడు," అన్నాడు తమ్ముడు, "ఏదో ఒకటి మాట్లాడు."